పెదవుల్లేని పిల్లకు పాలు

బెల్లంపల్లిలో నన్ను సిద్దిరాములు సారు అని పిలిచినవాళ్లు తక్కువ. కోపం సారు ఇల్లెక్కడ అంటే మాత్రం ఎవరైనా చూపించేవాళ్లు. లెక్క తప్పిన పిల్లల మీద కోపమే గానీ, తాయెత్తు కట్టుకొని బడికి వచ్చినవాళ్ల మీద అంతకు రెండింతలు. అక్కడికక్కడే తెంపి కిటికీలోంచి పారేసేవాణ్ని. సాయంత్రం ఆ పిల్లల తల్లులు వచ్చి, నా కళ్ల ముందే గడ్డిలో వెతికి, దొరికినదాన్ని మళ్లీ పిల్లల మెడలో కట్టి తీసుకుపోయేవాళ్లు. వాళ్లు నన్ను చూసి భయపడేవాళ్లే, కానీ ఆ విషయంలో మాత్రం లెక్కచేసేవాళ్లు కాదు.

మాది సిరిసిల్ల. మగ్గం మీద బతికిన ఇల్లు. మా వంశంలో ఏడో తరగతి దాటినవాణ్ని నేనొక్కణ్నే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకొని, హైదరాబాదులో పంతులు ట్రైనింగ్ పూర్తి చేసి, బొగ్గు బాయిల కాడ బడికి వచ్చాను. కొత్తగా చదువుకున్నవాడికి ఉండే పొగరంతా నాకుండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఈ మాట అన్నవాడి చెంప పగలగొట్టేవాణ్ని.

యాభై ఐదులో, జ్యేష్ఠ అమావాస్య నాడు పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. గాజుముక్కలకు దీపం పొగ పట్టించి, పిల్లల్ని బడి ముందు వరసగా నిలబెట్టి చూపిస్తున్నాను. బడి గోడకు ఆనుకొనే మా క్వార్టరు. లోపల నన్ను కన్న మా అవ్వ సత్తమ్మ, గ్రహణం పట్టిన గుర్తుకు, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. నా భార్య బాలలక్ష్మికి అప్పుడు రెండో నెల. ఆమెను చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాలు ముడవద్దు, గోరు గిల్లద్దు, ఒక్క పుల్ల కూడా విరవద్దు అని చెప్పి అవ్వ తలుపు మూసింది. అది చూసేసరికి నాకు ఒళ్లు మండింది. బడి పిల్లలకు ఒకటి చెప్తూ ఇంట్లో ఇంకొకటి చేయించుకుంటే నన్నేమనుకుంటారు?

తలుపు తోసి, "లే. బయటికి రా. మనకు, సూర్యునికి నడుమ చంద్రుడు అడ్డమొచ్చిండు. గంతే," అన్నాను.

"వద్దు కొడుకా," అంది అవ్వ. "రెండు పానాల మనిషి. నీ సదువు బడిల చెప్పుకో, ఇంట్ల వద్దు."

"నువ్వు జర ఊకో అవ్వా."

చెయ్యి పట్టుకొని లేపాను. బాలలక్ష్మి నాకు ఎదురు చెప్పే మనిషి కాదు, చెప్పినా నేను విననని ఆమెకు తెలుసు. వాకిట్లోకి వచ్చి, కొంగు సర్దుకొని, గాజుముక్క కంటికి పెట్టుకొని చూసింది. "అయ్యో, కొరికిన రొట్టె లెక్కున్నది," అని నవ్వింది. ఆ నవ్వుకు పిల్లలూ నవ్వారు. పక్క క్వార్టరు నాగవ్వ తలుపు సందులోంచి చూస్తోంది. గట్టయ్య అని, బాయిలో బొగ్గు కొట్టేవాడు, ఆయన భార్య. ఆమె కూడా చూసిందని నాకు లోపల సంతోషమే వేసింది.

పుష్యమాసంలో, సంక్రాంతి పోయిన వారానికి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పిల్లను నా చేతికి ఇవ్వకుండా అవ్వ చేతికి ఇచ్చింది. అవ్వ దీపం దగ్గరికి తీసుకుపోయి చూసి, అక్కడే కూలబడింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నోరు తెరిస్తే లోపల అంగిట్లో నా చిటికెన వేలు పట్టేంత సందు.

"గ్రహణం మొర్రి," అంది అవ్వ. నా మీద అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ని. "నీకు గప్పుడే చెప్పిన గద కొడుకా," అని మాత్రం అంది.

బాలలక్ష్మి మంచం మీంచి నన్ను చూసింది. ఆ చూపుకు నేను చెప్పగలిగిన సమాధానాలు చాలా ఉన్నాయి. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదు, గ్రహణం ముఖమే చూడనివాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు పుడతారు, అన్నీ తెలుసు. నేను పోయి దీపం వత్తి ఎగదోశాను.

పాపకు మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాం, కనకవ్వ అని. పేరైతే పెట్టాం గానీ పాలు పట్టడం మావల్ల కాలేదు. పాప ఆకలితో రొమ్ము అందుకునేది, చీకబోయేది. పెదవి మూసుకోదు, అంగిట్లో సందు, లోపలికి గుంజడానికి పట్టు దొరకదు. గాలే తప్ప పాలు రావు. అవ్వ ఉగ్గుగిన్నెతో పట్టి చూసింది. అందరు పిల్లలకు పట్టినట్టే కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో పోసింది. పాలు ముక్కులోంచి బయటికి వచ్చాయి. పాప ఉక్కిరిబిక్కిరై నీలంగా మారింది. గుడ్డ వత్తి ముంచి పెట్టాం. అదీ అంతే. పది రోజులకు పాప ఏడుపు పిల్లికూతంత అయిపోయింది.

నాగవ్వ వచ్చి గడప దగ్గర కూర్చుంది. "సారూ, మీకు చెప్పేటంత దాన్ని గాను. గసొంటి పిల్లలు దక్కరు. ఉత్తగ పరేషాన్ గాకుర్రి. తల్లిని జూసుకోండ్రి," అంది.

"దక్కుతదో దక్కదో నువ్వు చెప్పుడేంది? లేచి పో!" అన్నాను. ఆమె లేచి పోయింది. మంచి మనసుతో వచ్చిన మనిషి, పాపం. ఆ మాట నా భయమే బయటినుంచి చెప్పినట్టుంటే తట్టుకోలేకపోయాను.

మరునాడు బడికి పోక తప్పలేదు. ఆ రోజు ఐదో తరగతికి సముద్రంలో బతికే జీవాల పాఠం. నా ట్రైనింగ్ నాటి ఉర్దూ పుస్తకం ఒకటి ఉండేది, అందులోంచి తెలుగులో చెప్పేవాణ్ని. మనసు ఇంట్లో ఉంది, నోరు మాత్రం అలవాటు కొద్దీ గట్టిగా నడుస్తోంది. తిమింగలం చేప కాదు, ఊపిరి పీల్చడానికి పైకి వస్తుంది, పిల్లను కంటుంది, పాలిస్తుంది అన్నాను. సముద్రం సంగతి దేవుడెరుగు, గోదారి తప్ప నీళ్లు చూడని పిల్లలు. నీళ్లలో పాలెట్ల తాగుతది సారూ, నీళ్లు మింగదా అని తరగతంతా గోల. మన లేగదూడ లాగా చీకడానికి దానికి మెత్తని పెదవులు ఉండవు, కనుక చీకదు, తల్లే పాలను కండరాలతో నొక్కి పిల్ల నోట్లోకి చిమ్ముతుంది, పిల్ల నాలుకను దోనె చేసి పట్టుకుంటుంది, కొంచెం తాగి పైకి పోయి ఊపిరి పీల్చుకొని మళ్లీ వస్తుంది, ఆ పాలు వెన్న అంత చిక్కగా ఉంటాయి కనుక నీళ్లలో చెదిరిపోవు అని చదివింది చదివినట్టు చెప్పాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి బాలలక్ష్మి మంచం మీద లేచి కూర్చొని ఉంది. గోడ పక్కనే మంచం. నా పాఠమంతా విన్నది.

"గా పిల్లకు పెదవులుండవంటివి గద," అంది. "నిజమేనా? పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది."

"చీకదు. తల్లే నొక్కి పోస్తది."

"ఆఁ."

"నడుమ ఊపిరి తీస్కోనిస్తది."

"ఆఁ" అనబోయి ఆగిపోయాను. నేను పొద్దుటి నుంచి అరిచి చెప్పిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఇంత చదివి, సొంత పిల్ల చావబోతుంటే నాకు తట్టలేదు, ఓనమాలు దాటని ఆమెకు తట్టింది.

ఆమె పాపను పడుకోబెట్టలేదు. మోకాళ్లు మడిచి, వాటికి ఆనించి, పాపను నిటారుగా కూర్చోబెట్టుకుంది. మెడ కింద ఎడమ చెయ్యి పెట్టింది. కుడిచేత్తో రొమ్ము నొక్కి, సందు లేని వైపు బుగ్గ లోపలికి సన్నటి ధార వదిలింది. ఆగింది. పాప గొంతు కదిలింది. గుటక పడింది. ముక్కులోంచి ఒక్క చుక్క వచ్చింది, అంతే. ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ వదిలింది. అవ్వ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బయటికి పోయి గోడ చాటున ఏడ్చాను. కోపం సారు ఏడవడం నాగవ్వ చూసింది. పాపం, ఆ రోజు తల తిప్పుకొని లోపలికి పోయింది.

ఒక్కసారి పాలు పట్టడానికి గంట పట్టేది. మళ్లీ రెండు గంటలకు తయారు. పొద్దంతా బాలలక్ష్మికి అదే పని. వేళ్లు వాచిపోయేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసి, "చేప పాలు పడుతున్నదమ్మా," అని నవ్వేవాళ్లు. "చేప గాదు, తిమింగలం," అని బాలలక్ష్మి వాళ్లకు పాఠం చెప్పేది, నా గొంతు అనుకరిస్తూ. ఆ నెలల్లో ఆమె నవ్వింది ఆ ఒక్క సంగతికే.

మాఘం దాటాక రైల్లో హైదరాబాదు తీసుకుపోయాం. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, పెదవి కుట్టొచ్చు, తర్వాత అంగిలి కూడా చూడొచ్చు, కానీ మత్తుమందుకు తట్టుకోవాలి కదా, పది పౌండ్ల బరువు రాగానే తీసుకురండి అన్నాడు. లేవబోతూ బాలలక్ష్మి అడిగింది. నాతో చెప్పకుండా, నా ముందే అడిగింది.

"డాక్టర్ సాబ్, నేను గ్రహణం జూసిన. గందుకే గిట్లయిందా?"

"లేదమ్మా. దానికి దీనికి సంబంధం లేదు," అన్నాడాయన, ఇంకో రోగి వైపు తిరుగుతూ. అంత పెద్ద మాటను అంత తేలిగ్గా అంటే ఎవరు నమ్ముతారు? ఆమె నమ్మలేదు. నిజం చెప్పమంటే, నేను కూడా సగమే నమ్మాను.

ఎందుకంటే పాప పుట్టినప్పటి నుంచి నేను మారిపోయాను. ఎవరైనా గ్రహణం మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాణ్ని. బడిలో తాయెత్తులు తెంపడం మానేశాను. ఒకనాడు ఓ పిల్లాడి మెడలో కొత్త తాయెత్తు కనబడితే చూడనట్టు నల్లబల్ల వైపు తిరిగాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

ప్రతి బేస్తవారం దవాఖానాలో పాపను తూచేవాళ్లం. ఆరు, ఆరున్నర, ఏడు. చైత్రం వచ్చేసరికి ఎనిమిది. వైశాఖ పౌర్ణమి ముందు బేస్తవారం తూస్తే తొమ్మిది మీద కొంచెం. పాప మమ్మల్ని గుర్తుపట్టేది. ఆ చీలిన పెదవితోనే నవ్వేది, ఆ నవ్వు ముఖమంతా ఉండేది. అవ్వ ఎర్ర గుడ్డతో కొత్త కుళ్లాయి కుట్టింది, హైదరాబాదుకు వేసుకుపోవడానికి. ఇంకో నెల అంతే అనుకున్నాం.

వైశాఖ పౌర్ణమి నాడు చంద్రగ్రహణం. పొద్దుగూకిన తర్వాత పడుతుందని, రాత్రి పదిన్నరకు విడుస్తుందని పంచాంగంలో ఉంది. మధ్యాహ్నం నుంచే పట్టు. పట్టు మొదలైతే పొయ్యి వెలిగించరు, నీళ్లు కూడా ముట్టరు. అన్నం మీద, నీళ్ల మీద గరికపోచలు వేసి మూస్తారు. ఎండలు మండిపోతున్న రోజులు. బెల్లంపల్లి ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఆ బొగ్గునేల సెగ కింద నుంచి కూడా కొడుతుంది.

మధ్యాహ్నం పన్నెండుకు బాలలక్ష్మి పాపకు పాలు పట్టింది. పట్టి, మూతి తుడిచి, రవిక ముడి వేసుకుంది. "ఇగ విడిచినంకనే," అంది.

అవ్వ ఉలిక్కిపడింది. "అదేంది బిడ్డా! పసిపిల్లలకు, ముసలోళ్లకు పట్టింపు లేదు. గది పెద్దలు చెప్పిందే. పిల్లకు ఇయ్యి. నీకు పాలు రావాలె, నువ్వు గూడ తిను."

"వద్దత్తా. అప్పుడు గూడ ఏం గాదనే అన్నరు."

ఆ మాట అవ్వను చూసి అంది గానీ నా గుండెలో దిగింది.

"నువ్వు అప్పుడు కడుపుతోని ఉన్నవు. గిప్పుడు నీకు పట్టింపు లేదు బిడ్డా, నా మాటిను," అని అవ్వ బతిమాలింది. బాలలక్ష్మి వినలేదు. అప్పుడు నా వైపు తిరిగింది. పాప ఆమె ఒళ్లో ఉంది.

"నువ్వు చెప్పు," అంది. "ఇయ్యాల్నా, వద్దా?"

ఆమె అడగలేక అడిగింది. ఇయ్యి అని నేను ఒక్క మాట అంటే ఇచ్చేది. ఏడాది కిందట ఒక్క కేకతో గదిలోంచి లాక్కొచ్చినవాణ్ని నేనే. ఆ రోజు ఆమె బయటికి రాకపోయినా ఎవరికీ వచ్చిన నష్టం లేదు, అయినా అరిచాను. ఈ రోజు అరవాల్సిన రోజు. నాకు తెలుసు. పది గంటలు పాలు లేకుండా, ఆ ఎండలో, ఆ పిల్ల ఆగలేదని కోపం సారుకు తెలియక కాదు. కానీ, ఇవ్వమని నేనంటే, ఆ తర్వాత పాపకు దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా, మళ్లీ నా నెత్తి మీదికే వస్తుంది. మళ్లీ ఆ చూపు చూస్తుంది. అదీ నా భయం. ఇంత నీచమైన భయం.

"నీ ఇష్టం," అన్నాను.

అని, అంగీ వేసుకొని రైలు స్టేషన్‌కు పోయాను. వేసవి సెలవులు, బడి కూడా లేదు వంక చెప్పడానికి. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చొని, వచ్చే బండీ పోయే బండీ చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఉంటే ఏడుపు వినబడుతుందని.

పొద్దుగూకే వేళ తిరిగొస్తే ఏడుపు వినబడలేదు. పాప కళ్లు సగం మూసి, చీలిన పెదవి ఎండిపోయి, తల్లి భుజం మీద పడి ఉంది. బాలలక్ష్మి రవిక ముందు భాగమంతా తడిసి ఉంది, పాలు వాటంతటవే కారుతున్నాయి. ఆమె వాటిని తుడుచుకుంటూ చీకటి గదిలో అటూ ఇటూ నడుస్తోంది. పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటోంది, వేములవాడ రాజన్నకేమో. అవ్వ నా కాళ్లకు అడ్డం పడ్డంత పనిచేసింది.

"చెప్పు కొడుకా! నీ మాటింటది. ఒక్క మాట చెప్పు. నీ నోరెటు పోయిందిరా?"

నేను గుమ్మం పట్టుకొని నిలబడ్డాను. చంద్రుడు అప్పటికే ఒక పక్క మసకబారాడు. ఇంత సేపు ఆగింది, ఇంకో మూడు గంటలే కదా అనుకున్నాను. మనిషి తనకు తాను ఎంత చక్కగా చెప్పుకుంటాడో!

గ్రహణం విడిచింది. ముందు ఇల్లు కడగాలి, తల మీద నీళ్లు పోసుకోవాలి. అవన్నీ అయ్యాక బాలలక్ష్మి తడి చీరతోనే పాపను మోకాళ్లకు ఆనించి కూర్చోబెట్టుకుంది. పొద్దంతా నిండిపోయిన రొమ్ము, నొక్కగానే ధార ఆగలేదు. ఆకలి మీద ఉన్న పాప గబగబా మింగబోయింది. నడుమ ఊపిరికి ఆగేంత ఓపిక ఇద్దరికీ లేదు. పాప దగ్గింది, ఒళ్లంతా బిగిసింది, ముక్కులోంచి పాలు పొంగాయి. వీపు తట్టి, తలకిందులు చేసి, మళ్లీ ఊపిరి తెప్పించాం. కానీ తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తోంది. దవాఖానాకు ఎత్తుకొని ఉరికాను. వాళ్లు చేయగలిగింది చేశారు. మూడో రోజు మధ్యాహ్నం నా కనకవ్వ పోయింది. ఎర్ర కుళ్లాయి పెట్టి తీసుకుపోయాం.

బాలలక్ష్మికి పాలు ఆగలేదు. పదిహేను రోజులు వచ్చాయి. తల్లిపాలు ఎవరూ తొక్కకూడదని, క్వార్టరు వెనక జిల్లేడు చెట్టు మొదట్లో పిండి రమ్మని అవ్వ చెప్పింది. రెండు గంటలకొకసారి పోయి, అలవాటు కొద్దీ కొంచెం నొక్కి, ఆగి, మళ్లీ నొక్కేది. ఆ ఆగడం చూడలేక నేను ఇంట్లోకి పోయేవాణ్ని. నాగవ్వ పక్కన నిలబడి ఆమె భుజం పట్టుకునేది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. "నీ ఇష్టం" అన్నవాణ్ని ఏమంటారు?

మరుసటేడు అదే పాఠం వచ్చింది. దాటేద్దామనుకున్నాను, కానీ పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి అడిగారు. గొంతు తగ్గించి, గోడకు దూరంగా నిలబడి చెప్పాను. తగ్గించినా ఆ గోడ ఎంతని? మధ్యాహ్నం అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చుంది బాలలక్ష్మి. పాప పోయినప్పటి నుంచి మేమిద్దరం ఆ పేరు ఎత్తలేదు.

"ఒకటడుగుత, చెప్తవా?" అంది.

"అడుగు."

"సముద్రం మీద గూడ గ్రహణం పడుతది గద. గప్పుడు గా తిమింగలం పిల్లకు పాలియ్యకుంట ఉంటదా?"

ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఉండదు," అన్నాను. "ఇస్తది."

ఆమె తల ఊపింది. తనకు ముందే తెలిసిన సంగతే అన్నట్టు ఊపింది. నా కంచంలో కొంచెం కూర వేసి, మెల్లగా, కోపం లేకుండా అడిగింది.

"మరి నేనడిగిననాడు గా మాట ఎందుకు చెప్పలే?"

నేను చెయ్యి కడుక్కోవడానికి చెంబు కోసం చూశాను. ఆమె లేచి, చెంబులో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.